పెరుగు గిన్నె దేనికి బదులు?

రెండేళ్ళ కిందట కర్నూలులో ఒక వలీమా విందుకు వెళ్ళాం. దస్తర్‌ఖాన్‌పై మాకు ఎదురుగా చిన్ననాటి స్నేహితులొకరు కూర్చున్నారు. బిర్యానీ రెండుసార్లు వడ్డించుకున్నారు. దాల్చా పోసుకున్నారు. ఆపైన దహీ కీ చట్నీ గిన్నెను దగ్గరకు లాక్కుని, మిగిలిన అన్నం మీద ఒంపుకుంటూ, "ఏం ఫర్వాలేదు మాస్టర్ సాబ్! దహీ తింటే చాలు, తిన్న కొవ్వంతా కరిగిపోతుంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. మేమూ నవ్వాం. నవ్వి, ఆ గిన్నెను మా వైపుకు జరుపుకున్నాం.

ఆ నెలలోనే మోకాలి నొప్పి అని డాక్టరుగారి దగ్గరకు వెళితే, ఆయన ముందు తూకం మిషను ఎక్కమన్నారు. 82 కిలోలు. ఎత్తు 168 సెంటీమీటర్లు. టేపు పెట్టి నడుము చుట్టూ కొలిస్తే 102 సెంటీమీటర్లు. రక్తపరీక్షలో చక్కెర హద్దు దాటడానికి సిద్ధంగా ఉంది. "మీ నాన్నగారికి షుగరు ఉండేదా?" అని అడిగారు. ఉండేది. ఆ జబ్బుతోనే అబ్బాగారి కుడికాలి వేళ్ళు రెండు తీసివేయవలసి వచ్చింది. ఆ పుండుకు రోజూ కట్టు మార్చింది మేమే. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే దారి పొడవునా మాకు ఆ కాలే కళ్ళ ముందు కదలాడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా చిన్నమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "అబ్బా, మీరు రోజూ పెరుగు తింటూనే ఉన్నారు కదా! మరి బరువు ఎందుకు పెరిగింది?" పాతికేళ్ళకు పైగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతూ వచ్చిన మాకు, ఈ ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు తోచలేదు. తర్వాత చదివి, అడిగి, ఇంట్లో ఆచరించి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు

లావుగా ఉండటాన్ని మన ఇళ్ళలో చాలాకాలం సుఖానికి గుర్తుగానే చూశారు. పెళ్ళయిన ఏడాదికి అల్లుడు కాస్త ఒళ్ళు చేస్తే అత్తగారింటి మర్యాద బాగుందని మురిసిపోయేవారు. కాని 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూస్తే మురిసిపోయే పరిస్థితి లేదని అర్థమవుతుంది. 15 నుంచి 49 ఏళ్ళ వయసువారిలో అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 36.3 శాతం, పురుషులు 31.1 శాతం. తెలంగాణలో స్త్రీలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. అంటే రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు.

బరువు ఎక్కువో కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. మన బరువును కిలోల్లో రాసుకుని, ఎత్తును మీటర్లలో రాసి దాన్ని దానితోనే గుణించి, వచ్చిన సంఖ్యతో బరువును భాగించాలి. మా విషయంలో 82ను 1.68తో రెండుసార్లు భాగిస్తే 29 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ కొలత ప్రకారం 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. అయితే మన దేశస్థులకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, షుగరు రావడం కనిపిస్తున్నందువల్ల, 2009లో భారతీయ వైద్య నిపుణులు హద్దును కిందకు దించారు. మనకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఆ లెక్కన మేము హద్దు ఎప్పుడో దాటేశాం.

పరిశోధకులు ఏం చూశారు?

పెరుగు తింటే బరువు తగ్గుతుందన్న మాట గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక లక్షా ఇరవై వేలకు పైగా స్త్రీ పురుషుల ఆహార వివరాలను పరిశీలించి 2011లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించారు. వీరిలో ఎక్కువమంది నర్సులు, ఇతర వైద్యవృత్తుల వారు. 1986 నుంచి 2006 వరకు సాగిన పరిశీలన అది. మొదట్లో స్థూలకాయం లేని ఈ మనుషులు ప్రతి నాలుగేళ్ళకు సగటున ఒకటిన్నర కిలోల చొప్పున బరువు పెరుగుతూ వచ్చారు. ఎవరు ఏది ఎక్కువ తిన్నప్పుడు బరువు ఎటు మొగ్గిందని చూస్తే, ఆలుగడ్డ చిప్స్, ఆలుగడ్డలు, తీపి పానీయాలు పెరుగుదల వైపు నిలిచాయి. కూరగాయలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యాలు, బాదం వంటి గింజలు, పెరుగు తగ్గుదల వైపు నిలిచాయి. వీటన్నింటిలో పెరుగే ముందుంది.

ఇంతవరకు విన్నవారు వెంటనే పెరుగు కుండ దించుకుంటారు. కాని మిగతా సగం కూడా వినాలి. రోజుకు ఒక గిన్నె పెరుగు అదనంగా తిన్నవారిలో కనిపించిన తేడా నాలుగేళ్ళకు సుమారు 370 గ్రాములు మాత్రమే. నెలకు అయిదు కిలోలు తగ్గించే మంత్రం ఇందులో లేదు. పైగా పెరుగు ఎక్కువగా తినేవారు తక్కిన విషయాల్లో కూడా జాగ్రత్తగా ఉండేవారు కావచ్చు. పరిశోధకులు ఆ తేడాలను లెక్కలో సవరించినప్పటికీ, ఇలాంటి పరిశీలన రెండు విషయాలు జంటగా నడుస్తున్నాయని చూపగలదేగాని, ఒకటి మరొకదానికి కారణమని రుజువు చేయలేదు.

షుగరు విషయంలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. పెరుగు క్రమంగా తింటే మధుమేహం వచ్చే అవకాశం తగ్గవచ్చునని పెరుగు డబ్బాలపై రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 మార్చిలో ఒప్పుకుంది. అయితే అందుకు ఉన్న ఆధారం పరిమితమైనదేనని కూడా రాయాలని షరతు పెట్టింది. మేలు ఉంది, కాని చిన్నది. ఆ చిన్న మేలు కూడా దక్కాలంటే పెరుగును ఎలా తినాలన్నదే అసలు ప్రశ్న.

గిన్నెలో ఏముంది?

ఈ విషయంలో మనకు దూరదేశాలకు పోవలసిన పని లేదు. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఏ ఆహారంలో ఏముందో కొలిచి ఆ సంస్థ పట్టికలు ప్రకటించింది. వాటి ప్రకారం ఆవుపాల పెరుగు 100 గ్రాముల్లో శక్తి 60 కిలో కేలరీలు, మాంసకృత్తులు 3.1 గ్రాములు, కొవ్వు 4 గ్రాములు, కాల్షియం 149 మిల్లీగ్రాములు ఉంటాయి. తక్కినదంతా దాదాపు నీరే. పల్చని మజ్జిగలో అయితే 100 గ్రాములకు 15 కిలో కేలరీలే.

ఈ లెక్క వల్లనే పెరుగు ఆకలికి మంచి తోడు అవుతుంది. నీరు ఎక్కువ గనుక కడుపు నిండుతుంది. మాంసకృత్తులు ఉన్నందువల్ల ఆ నిండుదనం కొంతసేపు నిలుస్తుంది. పాలు పడనివారికి కూడా పెరుగు చాలామట్టుకు పడుతుంది. పాలలోని చక్కెరలో కొంత భాగాన్ని తోడులోని సూక్ష్మజీవులు తినేయడం, మిగిలినదాన్ని అరిగించడంలోనూ అవి సాయపడటం ఇందుకు కారణం.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకు వద్దాం. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 130 కిలో కేలరీలు ఉంటాయి. 150 గ్రాముల అన్నం అంటే 195. అంతే తూకం పెరుగు అంటే 90. పళ్ళెంలో 150 గ్రాముల అన్నం తగ్గించి, ఆ చోటులో ఈ పెరుగు పెట్టుకుంటే ఆ పూటకు 105 కిలో కేలరీలు తగ్గుతాయి. అన్నం ఏమీ తగ్గించకుండా, అంతా తిన్న తర్వాత అదే పెరుగు గిన్నె తింటే 90 పెరుగుతాయి. గిన్నె అదే, పెరుగు అదే. ఒకరికి తగ్గిస్తోంది, మరొకరికి పెంచుతోంది. వలీమాలో మా స్నేహితులు, వారితోపాటు మేము, రెండో లెక్కలో ఉన్నాం. మా ఇంట్లో ఏళ్ళ తరబడి జరిగిందీ అదే. భోజనం ముగిశాక, కడుపు నిండిన తర్వాత, 'చలవ' కోసం పెరుగు.

దాదీమా మజ్జిగ, మన పెరుగు

"మన పెద్దలు రోజూ పెరుగూ మజ్జిగలతోనే బతికారు, వాళ్ళకెవరికీ ఈ పొట్టలు లేవే!" అని చాలామంది అంటారు. ఆ మాట నిజమే. కాని మన పెద్దలు తిన్నది ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

నంద్యాల దగ్గరి పల్లెలో మా దాదీమాకు రెండు గేదెలు ఉండేవి. రాత్రి పాలు కాచి తోడు పెట్టేవారు. ఫజర్ నమాజు కాగానే కుండ ముందు కూర్చుని కవ్వంతో చిలికేవారు. తేలిన వెన్నంతా తీసి నెయ్యి కాచేవారు. ఆ నెయ్యిలో ఎక్కువ భాగం అమ్మకానికే పోయేది. ఇంటిల్లిపాదికీ మిగిలింది వెన్న తీసిన మజ్జిగ. ఇరుగు పొరుగు చెంబులు పట్టుకుని వస్తే కాదనకుండా పోసేవారు. పొలం నుంచి వచ్చిన వాళ్ళు జొన్నరొట్టెతోనో, రాత్రి మిగిలిన సంగటితోనో ఆ మజ్జిగ తాగి మళ్ళీ పొలానికి వెళ్ళిపోయేవారు.

ఇవాళ మన ఇళ్ళలో కవ్వం లేదు. ప్యాకెట్ పాలు తెచ్చి, కాచి, మీగడతో సహా తోడు పెడుతున్నాం. గడ్డ పెరుగు మీద మీగడ పొర పిల్లలు పోట్లాడుకునేంత మందంగా ఉండాలని కోరుకుంటున్నాం. నెయ్యి మాత్రం వేరే డబ్బాలో వేరేగా వస్తోంది. అంటే పెద్దలు అమ్ముకున్న వెన్నను మనం తింటున్నాం, వారు చేసిన పని మాత్రం మనం చేయడం లేదు. ఇలా చూస్తే దాదీమా మజ్జిగకూ మన పెరుగుకూ పేరులో తప్ప పెద్దగా పోలిక లేదు.

దీనికి మందు ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. ప్రభుత్వ నియమాల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు కనీసం 6 శాతం ఉండాలి. టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో ఒకటిన్నర శాతం. అర లీటరు ఫుల్ క్రీమ్ పాలలో సుమారు 30 గ్రాముల కొవ్వు ఉంటే, అర లీటరు డబుల్ టోన్డ్ పాలలో సుమారు ఏడున్నర గ్రాములు. గ్రాము కొవ్వుకు 9 కిలో కేలరీలు. కాబట్టి ప్యాకెట్ రంగు మారితే చాలు, అర లీటరుకు రెండు వందల కిలో కేలరీల తేడా వస్తుంది. మాంసకృత్తులు, కాల్షియం మాత్రం పెద్దగా తగ్గవు. పెరుగు కాస్త పల్చగా తోడుకుంటుంది, అంతే. మా ఇంటావిడ మొదటి వారం "ఇది పెరుగా, నీళ్ళా?" అన్నారు. రెండో వారం నుంచి తోడు కొంచెం ఎక్కువ వేసి, గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టి వెచ్చగా ఉంచడం మొదలుపెట్టారు. ఇప్పుడు గట్టిగానే తోడుకుంటోంది.

పెరుగులో మనం కలిపేది

పెరుగు మీద నింద పడటానికి మరో కారణం దానిలో మనం వేసే వస్తువులు. ఒక చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు, అంటే 20 కిలో కేలరీలు. లస్సీ గ్లాసులో నాలుగు చెంచాలు పడితే చక్కెర ఒక్కటే 80 అయింది. పైన వేసే మీగడ ముక్క దీనికి అదనం. దుకాణాల్లో పండ్ల రుచులతో దొరికే తీపి పెరుగు కప్పుల సంగతీ ఇదే. పిల్లలకు 'ఆరోగ్యం' అని కొనిస్తున్నాం గాని, కొనే ముందు కప్పు వెనుక చిన్న అక్షరాల్లో చక్కెర ఎన్ని గ్రాములో చదవడం లేదు. పెరుగు వడలు కూడా పెరుగు లెక్కలోకి రావు. నూనెలో వేగిన వడ పెరుగులో స్నానం చేసినంత మాత్రాన నూనె వదిలిపెట్టదు.

దీనికి బదులు కీరా, ఉల్లి, కొత్తిమీర, పుదీనా, వేయించిన జీలకర్ర పొడి కలిపితే రుచికి ఏ లోటూ ఉండదు. దహీ కీ చట్నీలో పెరుగుతో సమానంగా కీరా, ఉల్లి ముక్కలు ఉండేలా మా ఇంట్లో మార్చుకున్నాం. ఉప్పు మాత్రం తక్కువ వేయాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మజ్జిగను గ్లాసుల కొద్దీ తాగడం మంచిది కాదు.

మేము మార్చుకున్నవి నాలుగు

మొదటిది, పాల ప్యాకెట్. రెండోది, పెరుగు వేళ. ఇప్పుడు పెరుగు గిన్నె భోజనం మొదట్లోనే దస్తర్‌ఖాన్ మీదకు వస్తుంది. ముందు కూర, పెరుగు పచ్చడి పళ్ళెంలో పెట్టుకుని, మిగిలిన చోటులోనే అన్నం వడ్డించుకుంటాం. పెరుగన్నం కలుపుకుంటే, మునుపు మూడు వంతుల అన్నానికి ఒక వంతు పెరుగు ఉండేది. ఇప్పుడు సగం సగం.

మూడోది, సాయంత్రపు అల్పాహారం. మా కర్నూలులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేని సాయంత్రం సాయంత్రమే కాదని అంటారు. బడి నుంచి వస్తూ బజ్జీల బండి దగ్గర ఆగడం మాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ వేళకు ఇప్పుడు పెద్ద గ్లాసుడు మజ్జిగ, గుప్పెడు వేయించిన శనగలు. బజ్జీలు వారానికి ఒక్కసారి. నిజం చెప్పాలంటే అన్నింటికంటే కష్టమైనది ఇదే. నాలుగోది, ఫజర్ తర్వాత ముప్పావుగంట నడక.

పది నెలల్లో అయిదు కిలోలు తగ్గాం. నడుము 102 నుంచి 96కు వచ్చింది. హద్దులోకి రావడానికి ఇంకా దూరం ఉంది. తిరిగి పరీక్ష చేయించినప్పుడు చక్కెర కూడా కొంత కిందకు దిగింది. ఇదంతా పెరుగు మహిమ అని చెబితే అబద్ధమవుతుంది. బజ్జీ తగ్గింది, అన్నం తగ్గింది, నడక పెరిగింది. బజ్జీ, అన్నం ఖాళీ చేసిన చోటులో ఆకలి లేవకుండా పెరుగు కూర్చుంది. దాని పని అంతే, కాని ఆ పని చిన్నది కాదు. ఆకలితో మానుకున్న తిండి పది రోజుల్లో తిరిగి వస్తుందని ప్రయత్నించిన ప్రతివారికీ తెలుసు.

రమజాన్ రోజుల్లో

పగలంతా ఉపవాసం ఉండి కూడా రమజాన్ నెలలో బరువు పెరిగేవారు మనలో తక్కువేమీ కాదు. ఇఫ్తార్‌లో సమోసాలు, పకోడీలు, తీపి షర్బత్‌లు ఒకేసారి కడుపులోకి వెళ్ళడమే దీనికి కారణం. ఖర్జూరం, నీళ్ళతో ఇఫ్తార్ చేసి, షర్బత్ స్థానంలో చక్కెర లేని మజ్జిగ తాగితే దాహమూ తీరుతుంది, తర్వాత వేపుళ్ళ మీదకు చెయ్యి కూడా అంతగా పోదు. సహరీలో పెరుగు తినడం మన ఇళ్ళలో పాత అలవాటే. మంచి అలవాటు. అయితే అక్కడ కూడా చక్కెర కలిపిన పెరుగు కాకుండా, రొట్టెతోనో కాస్త అన్నంతోనో సాదా పెరుగు తినడం మేలు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

బరువు తగ్గాలని పూటకు పూట ఉత్త పెరుగుతో సరిపెట్టుకునే ఆడపిల్లలను మేము బడిలోనూ, బంధువుల ఇళ్ళలోనూ చూస్తున్నాం. పెళ్ళి చూపులకు ముందు ఇది మరీ ఎక్కువ. పెరుగులో ఇనుము దాదాపు ఉండదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం మానేసి పెరుగుతో బతికితే బరువుతోపాటు రక్తం కూడా తగ్గుతుంది. తల్లులు ఈ విషయం గమనించాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల్లో, 2000 కిలో కేలరీల నమూనా పళ్ళెంలో రోజుకు పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్లే ఉన్నాయి. తక్కిన పళ్ళెమంతా కూరగాయలు, ధాన్యాలు, పప్పులు, గింజలు, పండ్లదే.

రెండేళ్ళలోపు పసిపిల్లలకు కొవ్వు తీసిన పాలు, ఆ పాల పెరుగు పెట్టరాదు. ఎదిగే వయసులో బక్కగా ఉన్న పిల్లలకు మీగడ పెరుగు నిరభ్యంతరంగా పెట్టవచ్చు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు భోజనం ఒక్కసారిగా తగ్గించుకుంటే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పాలు, పెరుగు ఎంత తీసుకోవాలో వైద్యుణ్ణి అడిగే నిర్ణయించుకోవాలి.

కడుపును అన్నానికి, నీటికి, ఊపిరికి పంచుకోవాలన్న ప్రవక్త (స) బోధ మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. మేమూ ఎన్నోసార్లు తరగతిలో చెప్పాం. కాని ఊపిరి భాగంలో కూడా పెరుగు పోసుకుంటూ వచ్చామని తూకం మిషను చెప్పేదాకా మాకు తెలియలేదు.

మొన్నటి శుక్రవారం మా ఇంట్లో బిర్యానీ చేశారు. పెద్దమ్మాయి, అల్లుడు కూడా వచ్చారు. మా చిన్నమ్మాయి దహీ కీ చట్నీ గిన్నెను అందరికంటే ముందు మా దగ్గర పెట్టి, బిర్యానీ గరిటె చేతిలో పట్టుకుని, "అబ్బా, ముందు ఇది వడ్డించుకోండి, తర్వాత ఎంత చోటు మిగిలితే అంత" అంది. పళ్ళెంలో సగం చట్నీ, కూరలు సర్దుకుని పళ్ళెం ముందుకు చాపాం. ఒక్క గరిటె పెట్టింది. అది చాలింది.